మిద్దెంత జీపు, ఒళ్లో కుండ

మార్పులు చేర్పులు అంటారు గానీ, నా జీపుకు నేను చేయించినవన్నీ చేర్పులే. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాక, దారి లేని కొండల్లో తిరగాలంటే ఏమేం కావాలో ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వీడియోలు చూసేకొద్దీ బండి పైకి లేచింది. ట్రాక్టరు టైర్లకు తమ్ముళ్లలాంటివి వచ్చాయి. ముందు, ఇరుక్కుంటే బండిని లాగే వించ్, పైన ఇనుప క్యారియర్, దాని మీద మడత డేరా. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చింది అద్దం పక్కన నిలబెట్టించిన నల్ల గొట్టం. ఏరు బానెట్ దాకా పారుతున్నా ఇంజను దాంతో ఊపిరి పీల్చుకుంటుందట. నేనుండేది కడపలో. ఇక్కడ ఏట్లో నీళ్లు కనిపిస్తే జనం బండ్లాపి ఫొటోలు తీసుకుంటారు.

ఆ బండిని నమ్ముకున్నది బద్వేలులో ఉండే మా అక్క. నడుం ఆపరేషనుకు ముందు, లేచి తిరిగితే కొండలోని అమ్మవారికి పొంగలి పెడతానని మొక్కుకుంది. ఇప్పుడు లేచి తిరుగుతోంది. కానీ ఆ కొండకు బస్సు లేదు, ఆటో రాదు, ట్రాక్టరు కుదుపు పనికిరాదని డాక్టరు చెప్పాడు. నిరుడు జాతర అలాగే దాటిపోయింది. ఈసారీ దాటితే మీ అక్క తట్టుకోలేదని బావ నాతో విడిగా అన్నాడు. నేనుండగా భయమెందుకని బానెట్ తట్టి మరీ మాటిచ్చాను.

జాతరకు ముందు ఒకరోజు బండి చూపించడానికి వెళ్లాను. అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి పోయి ఖాళీ కుండ తెచ్చుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మా ఇళ్లలోని పద్ధతి. కొత్త కుండలో బియ్యం, బెల్లం పోసి, పసుపుకొమ్ము కట్టి ఇంట్లో చేతికెత్తుకుంటే, గుడి ముందర పొయ్యి మీద పెట్టేదాకా కింద పెట్టకూడదు. ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. మొక్కిన మనిషే మోయాలి.

రెండు చేతులా కుండ పట్టుకుని అక్క జీపు తలుపు దగ్గర నిలబడింది. అడుగు పెట్టే పలక ఆమె మోకాలికి పైన ఉంది. పట్టుకుని ఎక్కడానికి నేను బిగించిన పిడి ఉంది గానీ, దాన్ని పట్టుకోవడానికి ఆమెకు చేయి లేదు. బావ పీట వేశాడు. ఎక్కబోయి, నడుం పట్టేసి, ఆగిపోయింది.

“ఇది జీపు కాదు రా, మిద్దె. ఎక్కేదానికి నిచ్చెన యాడుండాది?”

మేం నవ్వాం, ఆమె నవ్వలేదు. ఈసారి గూడా పోయేది లేదేమో అంటూ కుండతో లోపలికి పోయింది. బండిని ఎత్తించిన నేను తల దించుకుని కడప తోవ పట్టాను.

అవన్నీ బిగించిన మెకానిక్కే, పెళ్లి పందిరి విప్పినట్టు, ఒక్కొక్కటే విప్పాడు. గొట్టాన్ని మాత్రం చేతిలోకి తీసుకుని, దీన్ని చేలో బోరుకైనా బిగించుకోండన్నా అన్నాడు. పాత స్ప్రింగులు, పాత టైర్లు తిరిగొచ్చాయి. ఇంజను అడుగున రాళ్లు తగలకుండా వేసిన రేకు, లాగే తాడు, గాలి కొట్టే చిన్న పంపు, వీటినే ఉంచమన్నాను.

ఇక భయం నాకు పట్టుకుంది. గుడికి ముందు వంక ఒకటుంది, నీళ్లు లేని ఇసుక వాగు. పెద్ద టైర్లు కొన్నది అలాంటి వాటి కోసమే.

జాతర నాడు అక్క కుండతో వచ్చి, వెనక్కి తిరిగి ముందు సీటు మీద కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంది. అరుగు మీద కూర్చున్నంత సులువుగా.

వంక దగ్గర, ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి బాగా తగ్గించి, లో గేరు వేశాను. నడుమకు వచ్చేసరికి వెనక చక్రాలు ఇసుకను తవ్వడం మొదలుపెట్టాయి. ఇరుక్కుంటే అక్క కుండ మోసుకుని ఆ ఇసుకలో నడవాలి. పక్కకు చూశాను. కుండను పొట్టకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కకుండా, తొందరపడకుండా స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా ఆడించాను. బండి గొణిగింది, ఒరిగింది, గట్టెక్కింది. దాంతోపాటే నేనూ. అప్పటిదాకా బిగబట్టుకున్న ఊపిరికి, ఆ గొట్టమేదో నాకే బిగించుకుని ఉండాల్సింది.

గుడి ముందర మూడు రాళ్ల మీద కుండ పెట్టి అక్క చేతులు విదిలించుకుంది. పొంగు వచ్చి మంటలోకి కారేటప్పుడు మాత్రం ఆమె ముఖం చూడలేకపోయాను. పొగ అని చెప్పుకున్నాను.

“జీపుకు ఇంకా ఏమన్నా బిగిస్తాండావా?” అనడిగింది ఆకులో పొంగలి పెడుతూ.

“నువ్వు చెప్పక్కా.”

“సీటు శానా గట్టిగా ఉండాది. ఒక మెత్త వెయ్యి, చాలు.”

తిరిగొస్తూ బద్వేలు అంగట్లో మెత్త కొన్నాను. బండికి అదే ఆఖరి చేర్పు.