పసుపు రాసిన డిస్కు

అరసవల్లిలో మా ఫొటో స్టూడియో కంప్యూటర్ పవర్ సప్లై పేలినప్పుడు, ఆ చప్పుడు శ్రీకాకుళం బస్టాండు దాకా వినిపించిందని ఇప్పటికీ చెబుతుంటాను. విన్నామని ఎవరూ అనలేదు గానీ, బస్సుల గోలలో వాళ్ళకేం తెలుస్తుంది?

అందులో మా మేనకోడలి పెళ్ళి వీడియో ఉంది. కెమెరా కార్డులు తర్వాతి పెళ్ళి కోసం చెరిపేశాను కాబట్టి భూగోళం మీద ఇంకో కాపీ లేదు. ఉన్నదైనా ఒక్కచోట లేదు. వేగం కోసం రెండు డిస్కుల్ని జతకట్టి ఒకటిగా వాడుతున్నాను. అలా కడితే కంప్యూటర్ ప్రతి ఫైలునూ ముక్కలు చేసి కొంత ఇందులో, కొంత అందులో రాస్తుంది. అంటే పెళ్ళికొడుకు కుడి మీసం ఒక డిస్కులో, ఎడమ మీసం రెండోదాంట్లో. ఏ ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే.

బొబ్బిలిలో కంప్యూటర్ రిపేరు షాపు నడిపే మా బావ వచ్చాడు. వీడియో పట్టుకెళ్దామని అక్క కూడా వచ్చింది. కూతురి మెడలో తాళి పడే వేళకి వంటశాలలో గ్యాసు అయిపోయిందని పరిగెత్తి, ఆ ఒక్క క్షణం చూడలేకపోయింది పాపం.

బావ కొత్త పవర్ సప్లై బిగించి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ కూడా మార్చాడు. డిస్కులు ఊడదీసి బల్ల మీద పెట్టి ఇద్దరం టీకి వెళ్ళొచ్చేసరికి వాటికి పసుపు, బొట్లు! రిపేరైనది గ్రైండరైనా ట్రాక్టరైనా, పసుపు కుంకుమ పెట్టనిదే అక్క స్విచ్చి వెయ్యనివ్వదు. బావ నవ్వి, అలాగే బిగించేశాడు.

కంప్యూటర్ లేవలేదు. తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు, అంతే.

"ఏటి, లెగదేటి?" అంది అక్క.

"బ్యాటరీ తీసినాం కదే, సెట్టింగులు మర్సిపోనాది. ఈ రెండూ ఒక జతని దానికి మళ్ళీ సెప్పాల" అంటూ బావ లోపలి సెట్టింగు మార్చాడు. ఈసారి ఒక డిస్కు కనబడుతోంది, రెండోది లేదంటోంది. కింద ఇంకో ప్రశ్న: కొత్తగా జత కట్టమంటారా?

బావ వేలు మీట మీదికి వెళ్ళింది. కళ్ళజోడేమో నుదుటి మీద ఉంది. నేను హనుమంతుడిలా కుర్చీ మీంచి లంఘించి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు బావా! కింది లైను సదువు!"

"సదివితే ఏటున్నాదిరా?"

"పాతదంతా సెరిపేత్తానంతన్నాది! నీ కూతురి పెళ్ళి!"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ కళ్ళజోడు దించి, కనబడని డిస్కు ఊడదీశాడు. వెనక వైపు, కేబుల్ దూరే చోట, సన్నటి బంగారు రంగు పళ్ళుంటాయి. వాటి మీద పసుపు గడప మీద పట్టినట్టు పట్టి ఎండిపోయి ఉంది.

"ఒసే, ఇక్కడెందుకు రాసినావే?"

"ముందేపు బొట్టెట్టినాను. ఎనకేపు బోసిగా ఉన్నాది మరి!"

పెన్సిల్ రబ్బరు తెచ్చి ఆ పళ్ళని మెల్లగా రుద్దాడు. నా ఊపిరి ఆ రబ్బరుతో పాటే వెళ్ళింది, వచ్చింది. మళ్ళీ బిగించాడు. తెర మీద రెండు డిస్కులూ వచ్చాయి, వెనకాలే కంప్యూటరూ లేచింది.

ఇంకేమీ ముట్టుకోకుండా వీడియో మొత్తం వేరే డిస్కులోకి ఎక్కించాక, తాళి దగ్గరికి జరిపాను. మేళం జోరందుకుంది. పెళ్ళికొడుకు చేతులు లేచాయి. సరిగ్గా అప్పుడే అక్షింతలు వెయ్యడానికి కెమెరాకి అడ్డంగా ఒక వీపు వచ్చి, సింహాచలం కొండంత వెడల్పున నిలబడింది. బావదే.

"మీ ఈపు సూడ్డానికా నాను బొబ్బిలి నుంచి వొచ్చినాను!" అంది అక్క.

వీపు పక్కకి జరిగింది. మూడో ముడి పడుతోంది. అక్క తెరకి ముక్కు తగిలేంత దగ్గరికి వంగింది.

"ఇంకోపాలి ఎయ్యిరా" అంది.

ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, కొత్త కాపీ ఉన్న డిస్కుని చూసి, సంచిలోంచి పసుపు డబ్బా తీసింది. బావా నేనూ మాట్లాడుకోకుండానే, ఆ డిస్కు మీద నాలుగు చేతులూ అడ్డం పెట్టేశాం.