సమ్మయ్య పొడుగు సినిమాలు

నిన్న పొద్దున ఫోన్ మోగినప్పుడు నేను చాయ్ వడపోస్తున్నాను.

సమ్మయ్య కూతురు. "పెద్దనాన్నా, నాయిన లేడు" అంది.

"యాడికి పోయిండు బిడ్డా, గింత పొద్దుగాల?" అన్నాను.

అటునుంచి ఏడుపు వినబడేదాకా నాకు అర్థం కాలేదు. డెబ్బై ఏళ్ళు వచ్చి, ఎన్ని చావులు చూసి, ఇంత చిన్న మాట అర్థం కాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఇక్కడ నా రాతలు చదివే కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను. సమ్మయ్య సారపాక పేపర్ మిల్లులో ముప్పై ఏళ్ళు షిఫ్ట్ డ్యూటీ చేసి రిటైరైన మనిషి. నేను ఆ దగ్గర్లోనే ఒక రేకుల టాకీసులో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా ఉండేవాణ్ణి. వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. అన్నా అని పిలిచేవాడు, మర్యాద అంతవరకే.

వాడికి మాయలు, మంత్రాలు, కత్తియుద్ధాల సినిమాలంటే ప్రాణం.

రెండు నెలల కింద వాళ్ళ అల్లుడు హైదరాబాద్ నుంచి ఒక డీవీడీల డబ్బా తెచ్చిచ్చాడు. ఇంగ్లీషు ఫాంటసీ సినిమాలు మూడు. ఎక్స్‌టెండెడ్ ఎడిషన్. అంటే హాల్లో ఆడించేటప్పుడు కత్తిరించినవన్నీ మళ్ళీ అతికించిన పొడుగు కాపీ. ఒక్కొక్కటి నాలుగు గంటలు.

తెలుగు మాటలు లేవు. వాడికి ఇంగ్లీషు రాదు. నాకు వచ్చిన ఇంగ్లీషు బడిలోది కాదు, ఫిల్మ్ డబ్బాల లేబుళ్ళు, మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన పేపర్లు నేర్పింది. అట్లా ఒక డిటెక్టివ్ కథ చదువుతుంటే ఆఖరి పేజీ వేరే ఎవరి బజ్జీలతోనో వెళ్ళిపోయింది. హంతకుడెవరో ఈనాటికీ తెలియదు.

సరే, సంగతికి వస్తాను.

మధ్యాహ్నాలు వాడు రిమోట్ పట్టుకునేవాడు. నేను కింద వచ్చే అక్షరాలు చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. సగం చదివింది, సగం కల్పించింది.

"ఇంత పొడుగెందుకురా? ఉన్నదంతా నడకే" అనేవాణ్ణి.

"నడవకుంట ఊరెట్లొస్తదన్నా?" అనేవాడు.

నిజం చెప్పాలంటే నేను కత్తెర పక్షం. ఆ అదనపు సీన్లలో సగం తీసేయదగ్గవే. కత్తిరించడం రానివాడు దర్జీ ఎలా అవుతాడు? ఒకసారి చూసేదానికి డబ్బా కొని ఇంట్లో పెట్టుకోవడమంటే, పెళ్ళి భోజనం బాగుందని గాడిపొయ్యిని పెళ్ళగించి ఇంటికి తెచ్చుకోవడమే అని వాదించేవాణ్ణి.

రెండో సినిమాలో ఒక చిన్న సీన్ వచ్చింది. సైన్యమంతా యుద్ధానికి పోయాక, ముసలి కాపలావాడు కోట తలుపులు మూసి, గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటాడు. అంతే. కథకు ఏ పనికీ రాదు. హాల్లో ఆడిన కాపీలో లేనే లేదట.

సమ్మయ్య దాన్ని మూడుసార్లు వెనక్కి తిప్పాడు.

"డ్యూటీ దిగిండన్నా. గీయిననా తీసేసింది?"

ఆ మాట నాకే తగిలింది. కారణం ఉంది.

ఆ రోజుల్లో మా టాకీసుకు ఆదివారం ఉదయం ఆటకు వచ్చేవాళ్ళలో సగం మంది రెండింటి షిఫ్ట్‌కు పోయేవాళ్ళే. మిల్లు సైరన్ కూసేలోపు వదలాలి. అందుకని ఒక రీలు దాటేయడం మాకు మామూలు. పాట తీస్తే కుర్చీలు లేస్తాయి. కత్తియుద్ధం తీస్తే ఆ కుర్చీలు నా గదిలోకే వస్తాయి. కాబట్టి ఏడుపులు తీసేవాణ్ణి.

ఒక జానపద సినిమాలో హీరో గుర్రం బాణం తగిలి చచ్చిపోతుంది. అతను దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోతాడు. ఆ రీలు దాటేశాను. తర్వాతి రీల్లో హీరో కాలినడకన పోతున్నాడు.

సైరన్ కూస్తున్నా సమ్మయ్య మెట్లెక్కి వచ్చి అడిగాడు. "అన్నా, గుర్రమేమైంది?"

"కథ గట్లనే ఉంది, పో."

నమ్మాడు. నమ్ముకున్న గుర్రాన్ని అడవిలో ఇడిసిపోయినోడు హీరో ఎట్లయితడని, ఆ హీరో సినిమా మళ్ళీ చూడలేదు. నలభై ఏళ్ళు! ఆ సినిమా ఏ టీవీలోనూ రాలేదు. వచ్చి ఉంటే అప్పుడే దొరికిపోయేవాణ్ణి.

కాపలావాడి సీన్ చూసిన ఆ మధ్యాహ్నం చెప్పేశాను.

వాడు టీవీ ఆపాడు. "నువ్వే తీసినవా?"

"అవ్."

"ఇన్నేండ్లు ఆ హీరోను తిట్టిన గదన్నా. ఆ తిట్లన్నీ నీయి."

ఆరు రోజులు పిలవలేదు. ముఖం చెల్లక నేనూ పోలేదు. ఆ ఆరు రోజులూ ఒక స్నేహం పోయిందనే అనుకున్నాను.

ఏడో రోజు ఫోన్. "మూడోది మిగిలింది. వస్తవా, సైరన్ కూయాల్నా?"

వెళ్ళగానే ముందు ఆ రీలు మొత్తం నా నోటితో చెప్పించుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, అప్పుడు రిమోట్ తీశాడు.

పోయిన గురువారానికి మూడో సినిమా ఇంకా గంట మిగిలింది. వాడికి ఆయాసంగా ఉంది. "ఆఖరికేమైతదో చెప్పరాదన్నా, డబ్బా మీద రాసుంటది గద" అన్నాడు.

చెప్పలేదు.

"ఒక్క సీను కూడా దాటేది లేదు. సోమవారం వస్త, కూసోని చూద్దం" అన్నాను. కొత్తగా మతం పుచ్చుకున్నవాడికి నామాలెక్కువ.

నిన్న ఆదివారం. వాడి పక్కన కూర్చుంటే ఇదే తొలిచింది. ఒకసారి దాటేసి అన్యాయం చేశాను. ఇంకోసారి దాటనని పట్టుబట్టి అన్యాయం చేశాను. చివరికి ఏమైందో తెలియకుండానే పోయాడు.

సమ్మయ్య భార్యతో ఆ మాటే అన్నాను.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎందుకు తెల్వదు బావా? శుక్రవారం ఒక్కడే కూసోని ఆఖరుదాంక చూసిండు. ఏం సమజైందని నేనడిగితే, ఏం గాలే అన్నడు. 'అన్నకు చెప్పకు, సోమవారం ఆయన చదువుతాంటే కొత్తగ చూసినట్టు చూస్త' అన్నడు."

ఇట్లాంటి పొడుగు కాపీలు కొనుక్కోవచ్చా అని మీలో కొందరు నన్ను అడిగారు. ఒక్కరే చూసేటట్టయితే వద్దు.

ఇవాళే ఆ సోమవారం.

వెళ్ళిరా తమ్ముడూ. నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.