అత్తిబెలె యార్డులో రెండో క్లచ్

లారీ డ్రైవర్లకు మార్కులు వేసే సాఫ్ట్‌వేర్ రాసేది నేనే. నాకు లారీ నడపడం రాదు. నా కారు గేర్లు అదే మార్చుకుంటుంది. గేరు మార్చేటప్పుడు క్లచ్ ఒక్కసారికి మించి తొక్కితే ఎర్ర మార్కు పడాలని నియమం పెట్టిన మేధావినీ నేనే. బెంగళూరు శివార్లలోని అత్తిబెలె లారీ యార్డు డ్రైవరు మునిస్వామన్నకు అలాంటివి బోలెడు పడ్డాయి. ఆ రిపోర్టు మీద నా సంతకం పడితే ఆయనకు చెన్నై ట్రిప్పులు పోతాయి. "ఒకసారి వచ్చి నువ్వే గేరు వేసి చూడప్పా, ఆమేలె సంతకం పెట్టు" అని మంగళవారం ఫోన్ చేశాడు. ఆయనకే పాఠం చెప్పి వద్దామని బయలుదేరాను.

శనివారం ఆరుంబావుకు వైట్‌ఫీల్డ్‌లో బస్సెక్కాను. ట్రాఫిక్‌లో వర్తూరు దాటేసరికే ఏడున్నర. పక్క సీట్లో నెల్లూరు నర్సు ఒకావిడ, నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్తోంది. సంగతి విని, "లారీ నేర్చుకుంటారా సార్? మా హాస్పిటల్ ఈ రూట్లోనే ఉందిలెండి" అని ధైర్యం చెప్పింది. సర్జాపురలో దిగి ఇడ్లీ తిని, ఇంకో బస్సు పట్టుకుని తొమ్మిదిన్నరకు అత్తిబెలె చేరాను.

మునిస్వామన్నకు యాభై దాటాయి. తాతల నాటి నుంచి బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం, మాటలో సగం కన్నడం. నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను పక్కన ఉండి లారీని యార్డులో మెల్లగా కదిలింపజేశాడు.

"పాత గేర్ బాక్స్ ఉండాది అప్పా. క్లచ్ తొక్కు, న్యూట్రల్‌కి తెచ్చి వదులు. రేస్ ఇచ్చి, మళ్లీ తొక్కి, కింది గేరు వెయ్యి."

నా నియమం ప్రకారం ఒక్కసారే తొక్కాను. గేరు పడలేదు సరికదా, లోపల ఇనుము నమిలిన చప్పుడైంది. ఈసారి ఆయన చెప్పినట్టే చేసి రేస్ ఇచ్చాను.

"సాకు, సాకు!" అని అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. "సాకులు కాదండీ, నిజంగానే పడటం లేదు" అని, ఆక్సిలరేటర్ మీద కాలు తీయకుండానే వాదనకు దిగాను. ఇంజన్ హోరెత్తిపోతోంది. సాకప్పా అని ఆయన, సాకు కాదండీ అని నేను. చివరికి నా మోకాలి మీద ఒక్కటిచ్చి, కన్నడంలో సాకు అంటే చాలు అని చెప్పాడు. ఏడేళ్లుగా ఈ ఊరి నీళ్లు తాగుతూ నేను నేర్చింది, కన్నడం రాదని చెప్పే "కన్నడ గొత్తిల్ల" వరకే.

ఒంటిగంటకు మూడో గేరు మెత్తగా పడింది, క్లచ్ రెండుసార్లు తొక్కాకే. ఎగిరి గంతేయాలనిపించింది. అంతలో లారీకి బిగించిన మా పరికరం నా ఫోనుకు కబురు పంపింది: డ్రైవరు అనర్హుడు.

బస్టాండు దాకా ఆయనే వచ్చాడు. "ఆ నియమం తీసేస్తాను, మీ చెన్నై ట్రిప్పులకు ఢోకా లేదు" అన్నాను, వరమిచ్చేవాడిలా.

"అవి గురువారమే వేరేవాళ్లకి ఇచ్చేసినారప్పా. నీ సంతకానికి ఎవరు కాసుకోని ఉండారు? నాకోసరం కాదు నిన్ను పిలిచింది. నా వెనక ఇవే ఎర్ర మార్కులు పడినోళ్లు ఇంకా పదకొండు మంది ఉండారు."

మూడున్నర బస్సులో తల ఎత్తలేకపోయాను. సిగ్గేసింది. దొమ్మసంద్ర దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి నియమం కొట్టేశాను. అర నిమిషం పట్టింది. ఈ దారిన వచ్చేవాళ్లు వర్తూరుకు ఒక గంట అదనంగా పెట్టుకోండి. నేను శనివారం వెళ్లాను. బుధవారం వెళ్లి ఉండాల్సింది.