ఉంచమని పెట్టిన ఎర్ర సున్నాలు

ఊరు జిల్లా కేంద్రమైన కొన్నేళ్ళకు, ఒక ఏప్రిల్ మొదట్లో నేను ఆ మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ ఆఫీసరుగా చేరాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడింటిలోనూ నేను పనిచేశాను. ఇది వాటిలో ఏ ఊళ్ళో జరిగిందో మాత్రం రాయను. ఒక ఊరికి చెడ్డపేరు తేవడం నాకిష్టం లేదు. మూడింట్లో ఎక్కడైనా ఇలాగే జరిగి ఉండేదని కూడా నా నమ్మకం.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు పని ఇళ్ళ పర్మిషన్లు చూడటం, అక్రమ కట్టడాలకు నోటీసులివ్వడం. నా పైన కమిషనర్, నా కింద ఒక బిల్డింగ్ ఓవర్సీరు, కొలతల గొలుసు పట్టే చైన్‌మన్ సమ్మయ్య. సమ్మయ్యది రేగొండ. జనం లెక్కలో మాత్రం మేమందరం ఒకటే, కూలగొట్టేవాళ్ళం. నేను సంచీ పట్టుకుని కూరగాయలకు పోయినా దుకాణాల వాళ్ళు బయటికొచ్చిన బల్లలు గబగబా లోపలికి లాక్కునేవారు. ఆ మర్యాద నాకు ఒళ్ళుమంటగా ఉండేది.

అందుకే ఆ ప్రాజెక్టు నా చేతికొచ్చినప్పుడు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. బస్టాండు నుంచి పాత బజారు మీదుగా సర్కారు దవాఖాన దాకా ఉన్న వీధిని నడిచేవాళ్ళ వీధిగా మార్చాలి. ఆటోలు, బస్సులు రెండు చివర్లలో ఆగుతాయి, మధ్యలో జనం నడుస్తారు. తండాల నుంచి బస్సు దిగే ఆడవాళ్ళు చంకలో పిల్లలతో ఆ ఎండలో దవాఖానకు పోవాల్సింది ఈ దారినే. వీధిలో చెట్టు లేదు. ఉన్న నీడంతా పాత దుకాణాల ముందున్న అరుగులది, వాటి మీద కర్రస్తంభాలతో నిలబెట్టిన పెంకుల చూర్లది. వాటిని ఉన్నవి ఉన్నట్టు కాపాడి, మధ్యలో ఖాళీలకు కొత్త పందిళ్ళు వేయాలన్నది డిజైన్. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క ఇటుక కూడా పీకనక్కరలేని పని నాకు మొదటిసారి దొరికింది.

అన్నిటిలోకీ పెద్ద అరుగు జైతూన్‌బీది. భర్త పోయాక ఆమె అక్కడే గాజుల కొట్టు నడుపుకునేది. గాజులు కొనుక్కోవడం వేరు, వేయించుకోవడం వేరు. వేయించుకునే మనిషి స్థిమితంగా కూర్చోవాలి, చెయ్యి వదులుగా చాపాలి. జైతూన్‌బీ బేరమంతా ఆ అరుగు మీదే, కొట్టు లోపల గాజుల పెట్టెలకు తప్ప మనిషికి చోటు లేదు. కన్సల్టెంటు కంపెనీ వాళ్ళు గీసిన బొమ్మలో కూడా మొదట కనపడేది ఆ అరుగే.

వీధిలో గుర్తులు పెట్టిన శుక్రవారం నేను వరంగల్‌లో ఒక మీటింగులో ఉన్నాను. కన్సల్టెంటు మనుషులు వీధిలోకొచ్చి, ఉంచాల్సిన ప్రతి స్తంభం మీదా, ప్రతి అరుగు మీదా ఒక సున్నా చుట్టి వెళ్ళారు. సర్వే గుర్తులకు పసుపు రంగు వాడటం ఆనవాయితీ. మా స్టోరులో పసుపు డబ్బాలు ఎండిపోయాయట. స్టోర్‌కీపర్ మెయిన్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు మిగిలిన ఎర్ర రంగు ఇచ్చి పంపాడు. మర్నాడు రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం, రెండూ ఆఫీసుకు సెలవులే.

సోమవారం పొద్దున నేను ఆఫీసు మెట్లెక్కుతుంటే సమ్మయ్య ఎదురొచ్చాడు.

"మేడం, జర బజారు దిక్కు రావాలె," అన్నాడు. ఏమైందంటే చెప్పడు. "మీరే సూడుండ్రి."

వీధి మొదట్లోనే జీపు ఆగిపోయింది. ముందుకు పోవడానికి దారి లేదు. ఇటుకలు, పెంకులు, దూలాలు, ఒక పక్క కుప్పలుగా, ఇంకో పక్క ముచ్చటగా పేర్చి. ఒక్క చూరు లేదు, ఒక్క అరుగు లేదు. దుకాణాలన్నీ ముందు పళ్ళు రాలిన నోళ్ళలా ఉన్నాయి. భూకంపమా? లేక మాకు తెలియకుండా ఎవరైనా కూల్చే మిషన్లు పంపారా? అదే మాట గట్టిగా అడిగాను.

ఎవరూ పంపలేదు. వాళ్ళకు వాళ్ళే కూలగొట్టుకున్నారు.

జైతూన్‌బీ తల మీద కొంగంతా దుమ్ముతో, చేతిలో పలుగుతో గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వును నేను ఇప్పటికీ తట్టుకోలేను.

"సర్కారు వచ్చేటాల్లకు అయిపోగొట్టినం మేడం. సాపుగ వచ్చింది సూడుండ్రి," అంది.

"ఎవరు కూలగొట్టమన్నారక్కా నిన్ను?" అన్నాను.

"ఎర్ర రంగు ఏసినంక ఒకలు చెప్పాల్నా? మెయిన్ రోడ్ల మా తమ్ముడు ఊకున్నడు. మిషన్ వచ్చి అరుగుతోని లోపలి అర్ర కూడ గుంజుకపాయె. మనమే తీసుకుంటె ఇల్లన్న దక్కుతది కద."

మెయిన్ రోడ్డు వెడల్పులో అదే జరిగింది. నోటీసు కాగితం ఎవరూ చదవలేదు. గోడ మీద ఎర్ర రంగు పడింది, తర్వాత మిషన్ వచ్చింది. ముందుగా తామే తీసేసుకున్నవాళ్ళ ఇళ్ళు నిలిచాయి, ఎదురుచూసినవాళ్ళవి సగం పోయాయి. ఊరంతా నేర్చుకున్న పాఠం అది. ఈసారి శని, ఆదివారాలు బంధువులను పిలిపించుకుని, వండుకుని, వీధి వీధంతా పోటీపడి పూర్తిచేసింది.

ఆ సున్నా ఉంచమని పెట్టిందని నేనే చెప్పాల్సి వచ్చింది. జైతూన్‌బీకి మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాను. ఆమె చేతిలోంచి పలుగు జారిపడింది. "ఉంచుమనా?" అని ఒక్కమాట అని, ఆ ఇటుకల మీదే కూలబడింది.

పక్కన సైకిళ్ళు బాగుచేసే ఐలయ్య మాత్రం ఊరుకోలేదు. "ఉంచుమంటె ఎర్రరంగు ఏస్తరా ఎవలన్న? గిదేం లెక్క? మేం మనుషులమా, మీకు ఆటబొమ్మలమా?" అని మీదికొచ్చాడు. నేను ఆఫీసుకు పోయి స్టోర్‌కీపర్నీ, ఫోనులో కన్సల్టెంటునీ నోటికొచ్చినట్టు తిట్టాను. తిడితే అరుగులు లేస్తాయా?

"సరే, ఎట్లున్నదో గట్లనే కట్టుకుంట," అని మర్నాడు జైతూన్‌బీ ఆఫీసుకొచ్చింది. నాకు అసలు పిడుగు అప్పుడు పడింది. ఆ అరుగులన్నీ మురుగుకాలువ మీద ఉన్నాయి. పాతవి కాబట్టి, మున్సిపాలిటీ వయసుకంటే పెద్దవి కాబట్టి సాగాయి. కూలిపోయిన తర్వాత అదే చోట, అదే ఇటుకతో కట్టినా అది కొత్త కట్టడం. కాలువ మీద కొత్త కట్టడం అంటే ఆక్రమణ. దానికి నోటీసు ఇచ్చి తీయించాల్సిన ఆఫీసర్ని నేనే.

నేను ఆ మాట చెప్పలేక చెప్పలేక చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. "అయితె నేను యాడ కూసోవాలె మేడం?" అని అడిగింది.

రూలు పుస్తకం తిరగేసి తిరగేసి చివరికి ఒక సందు పట్టుకున్నాను. మనిషి కట్టుకోకూడదు గానీ మున్సిపాలిటీ కట్టవచ్చు. ప్రాజెక్టులో నడిచేవాళ్ళకు కూర్చునే బల్లలు, నీడపందిళ్ళు ఎలాగూ ఉన్నాయి. వాటి చోట్లు మార్చి, కాలువ మీద పలకలు పరిచి, కూలిన ప్రతి అరుగు ముందూ ఒక రాతిబల్ల, పైన రేకు పందిరి పడేలా నక్షా తిరగరాశాను. కమిషనర్ మొదట ససేమిరా అన్నారు. ఆయన్ను ఎండవేళ బస్టాండు నుంచి దవాఖాన దాకా నాతో నడిపించాను. సగం దారిలో సంతకం పెడతానన్నారు.

పని వానాకాలం తర్వాత పూర్తయింది. బల్ల మున్సిపాలిటీది, ఎవరైనా కూర్చోవచ్చు. జైతూన్‌బీ గుమ్మంలో పీట వేసుకుని, బల్ల మీద కూర్చున్నవాళ్ళకు గాజులు వేయడం మొదలుపెట్టింది. తన అరుగు తనది కాకుండా పోయింది, బేరం మాత్రం నిలిచింది. నేను చూడటానికి పోతే కూర్చోమంది, నా చెయ్యి పట్టుకుని రెండు గాజులు ఎక్కించింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది:

"మేడం, గిది మళ్ల ఎప్పుడు తీస్తరు? ముందుగాల్నే చెప్పుండ్రి. మేమే తీసుకుంటం."



గోడ మీద మనం పెట్టే గుర్తుకు అర్థం మన ఫైల్లో ఉండదు. మనకంటే ముందు మన ఆఫీసు ఆ ఊళ్ళో ఏం చేసిపోయిందో అదే దాని అర్థం. ఆ తర్వాత నేను పనిచేసిన రెండు ఊళ్ళలో కొలతకు ముందు చెత్తబండి మైకులో చెప్పించేదాన్ని. మొదటి మాట "ఏదీ కూలగొట్టం" అని, ఏం కడతామన్నది దాని తర్వాత. అలా రోజుల తరబడి చెప్పించినా, ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు తలుపు చౌకట్లు ఊడదీసి లోపల పెట్టుకున్నారు. వద్దని నేను వాళ్ళకు చెప్పలేదు.