ఒడి నిండా చామంతులు

పెళ్లి ఫొటోలకని మా ఆయన పట్టుబట్టి చార్మినార్‌కు తీసుకెళ్తే అక్కడ జనం, గండిపేటకు వెళ్తే గాలి. కాకినాడ నుంచి తెచ్చుకున్న నా పట్టుచీర నలిగిందే తప్ప ఒక్క ఫొటో కుదరలేదు. విసిగిపోయి చేవెళ్ల రోడ్డెక్కాం. ఎంకపల్లి దగ్గర చామంతి తోట కనిపిస్తే, పూలు కోస్తున్న అవ్వను అడిగాం.

"దిగుండ్రి బిడ్డా ఫొటోలు. జర మొక్కలు తొక్కకుండ్రి."

బయల్దేరుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "కొత్త పెండ్లిపిల్లవు, ఉత్త ఒడితోని ఎట్ల పంపుత? కొంగు పట్టు."

ఇక్కడ పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడిలో బియ్యం పోసి పంపుతారట. తోటలో బియ్యమెక్కడివి? గంపెడు చామంతులు కుమ్మరించింది. నేను పకపకా నవ్వాను. ఫొటోగ్రాఫర్ టక్కున నొక్కేశాడు.

రిసెప్షన్ గుమ్మంలో ఆ ఫొటోనే నిలువెత్తున పెట్టించాం. "ఎవరిదమ్మా ఈ తోట?" అని అందరూ అడిగేవారే.

"మా పుట్టింటిది" అన్నాను, తలెత్తి.