తొమ్మిది మార్కుల అన్నం

మా మేనకోడలు ఆ రోజు అన్నం కావాలనే చెడగొట్టింది. ఎసరు తక్కువ పోసి, మధ్యలో పలుకు మిగిలేలా దించి, మూత కూడా పెట్టకుండా వదిలేసింది. రుచి చూడటానికి పిలిచిన వాళ్లలో నేనూ ఉన్నాను. కావాలని చెడగొట్టిందని మాలో ఎవరికీ తెలియదు.

ఆమె వరి శాస్త్రవేత్త. గోదావరి డెల్టాలో ఒక చిన్న పరిశోధన క్షేత్రంలో పనిచేస్తుంది. వ్యవసాయ కోర్సులో చేరిన కొత్తలో మా బంధువు ఒకాయన, "అగ్రికల్చరా? దానికి కాలేజీ ఎందుకమ్మా, మా పొలానికి వచ్చెయ్, ఫీజు లేకుండా నేర్పుతాను" అని అందరినీ నవ్వించాడు. ఇప్పుడు కొబ్బరి చెట్లకి తెల్లదోమ పడితే ఆయన ముందు ఫోన్ చేసేది ఆమెకే. "నేను వరి చూస్తాను బాబాయ్" అన్నా వినడు. ఆమెతో చదివిన వాళ్లలో ఒకరు బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూస్తున్నారు, ఒకరు బిస్కెట్ల కంపెనీ ల్యాబ్‌లో ఉన్నారు, ఇంకొకరు రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షిస్తున్నారు. ఈమె మాత్రం బురద వదల్లేదు.

మా ప్రాంతంలో అందరూ ఇష్టంగా తినే సన్న రకం వరికి ఒక బలహీనత ఉంది. కోతల ముందు తుపాను వానొస్తే చేనంతా వాలిపోతుంది. నీళ్లలో నానిన కంకులు అక్కడే మొలకెత్తుతాయి. అన్నం రుచి అలాగే ఉండాలి, కాండం మాత్రం గట్టిగా నిలబడాలి. అందుకోసం ఆమె ఆ రకాన్ని మరో గట్టి రకంతో సంకరం చేసి, పంట తర్వాత పంట మంచి మొక్కలు ఏరుకుంటూ వచ్చింది. ఒకే కాన్పు పిల్లల్లాంటి కొన్ని రకాలు మిగిలాయి, వాళ్ల భాషలో వరుసలు. వాటిలో కాండం అన్నిటికంటే గట్టిగా ఉన్నదాన్ని ముందుకు తెచ్చింది. దానికింకా పేరు లేదు, నంబరే.

కిందటి సార్వాలో, అంటే వానాకాలం పంటలో, తుపాను వచ్చింది. పిఠాపురం వైపు ఒక రైతు తన పొలంలో ఒక చిన్న చెక్క ఆమె వరుసలకి ఇచ్చి ఉన్నాడు. వాన వెలిశాక నన్నూ వెంటబెట్టుకెళ్లింది. గట్టు మీద నిలబడి చూస్తే రైతు చేను చాప పరిచినట్టు నీళ్లలో పడుకుని ఉంది. పక్కనే ఆమె చెక్క, వరుసలన్నీ నిటారుగా, కంకుల బరువుకి తలలు మాత్రం వంచుకుని నిలబడి ఉన్నాయి. పేపర్లో పనిచేసినంత కాలం నేను తుపాను వార్తలు రాశాను. అవన్నీ పడిపోయిన చేల వార్తలే. నిలబడ్డ చేను చూడటం అదే మొదలు. నా వయసులో గుండె అలా కొట్టుకోకూడదు కాబోలు, కానీ కొట్టుకుంది.

రైతు చెప్పులు చేత్తో పట్టుకుని, "మేడంగారూ, మా చేను సాష్టాంగం పడిపోయిందండి. మీది మాత్రం ఎస్సైగారిలా నిలబడింది" అన్నాడు.

ఆమె వినిపించుకోలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని అప్పటికే నీళ్లలో దిగిపోయింది.

ఇక తేలాల్సింది రుచి. ఇదివరకు ఒక రకం పొలంలో చక్కగా పండిందట, రుచి పరీక్షలో మార్కులు దండిగా వచ్చాయట. తీరా బియ్యం బజారుకొచ్చాక ఒకసారి కొన్న ఇల్లు రెండోసారి కొనలేదు. నమ్మి వేసిన రైతులు నష్టపోయి మళ్లీ పాత రకానికే వెళ్లిపోయారు. "ఆ మార్కులు అబద్ధం మావయ్యా. నా బియ్యం సంగతి నిజంగా తెలియకుండా రైతు చేతికి ఇవ్వను" అనేది మా మేనకోడలు. రుచిలో పాత రకానికి సాటి వస్తే వచ్చే సార్వాకి రైతుల పొలాల్లో వేయిస్తామనీ, లేకపోతే ఇక్కడితో ఆపేస్తామనీ పైఅధికారి ముందే చెప్పాడు. అన్నేళ్ల పని ఒక ముద్ద అన్నం మీద ఆగి ఉంది.

పరీక్షని ఆమె పరిశోధన క్షేత్రంలోనే ఒక గదిలో పెట్టారు. ఒక్కొక్కరి ముందు మూడు గిన్నెలు. ఒకటి పాత రకం, ఒకటి ఆమె కొత్త రకం, మూడోది, మా మార్కులు నిజమో కాదో తేల్చడానికి, ఆ చెడగొట్టిన అన్నం. ఏది ఏదో మాకు చెప్పరు, నంబర్లే ఉంటాయి. ఒక్కోదానికి తొమ్మిదికి మార్కులు వెయ్యాలి.

"ఉత్త అన్నమేనా అమ్మా?" అంది ఆ చెక్క ఇచ్చిన రైతు భార్య.

"కూర కలిస్తే రుచి తెలియదండి."

"పోనీ, ఆవకాయ బద్ద?"

"వద్దండి."

"నెయ్యి చుక్కయినా?"

పెద్దాపురంలో బియ్యం కొట్టున్న షావుకారు ఒకాయన వచ్చాడు. "ఆస్పత్రిలో కూడా మజ్జిగ పోస్తారమ్మా" అన్నాడు.

నవ్వుకుంటూనే తిన్నాం, మార్కులు వేశాం. ఆమె కాగితాలు తిరగేసి కుర్చీలో కూలబడింది. మూడు గిన్నెలకీ అందరూ తొమ్మిదికి తొమ్మిది.

"షావుకారు గారూ, మూడోది ఎలా ఉందండి?"

"అమృతమండి. పది మార్కులు లేకపోబట్టి గానీ."

"పలుకు తగల్లేదా?"

"తగిలిందండి."

"మరి తొమ్మిది వేశారేంటండి?"

ఆయన నొచ్చుకున్నాడు. "పిలిచి అన్నం పెడితే వంక పెడతామా అమ్మా? ఎంత మాట!"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వూ తొమ్మిదే వేశావు మావయ్యా! ఊరందరికీ పేపర్లో వంకలు పెట్టినవాడివి."

"వాళ్లెవరూ నాకు అన్నం పెట్టలేదుగా" అన్నాను.

ఆమె నవ్వలేదు. ఆ మార్కులు పైకి పంపితే ఆమె బియ్యం గెలిచినట్టే. అడ్డం పెట్టేవాళ్లు లేరు. ఆమె మాత్రం కాగితాలు మడిచి సంచిలో పడేసి, పరీక్ష మళ్లీ పెడతానంది.

సాయంత్రం రాజమండ్రిలో మా ఇంటికి వచ్చింది. మిగిలిన మూడో గిన్నె అన్నం క్యారేజీలో ఉంది. మా ఆవిడ మూత తీసి రెండు మెతుకులు నోట్లో వేసుకుంది.

"బాగుందే. నువ్వే వండావా?"

"నేనే అత్తయ్యా" అంది మా మేనకోడలు నీరసంగా.

"బాగుంది. ఈసారి ఎసరు ఇంకాస్త పొయ్యి. దించాక మూతపెట్టి అలా ఉంచెయ్. పలుకు పోతుంది. ఆ గంటె కూడా ఊరికే పెట్టి కెలక్కు, మెతుకు విరుగుతోంది."

మా మేనకోడలు తలెత్తింది. "అత్తయ్యా, బాగుందన్నావుగా?"

"అన్నాను. ముందు బాగుందనకుండా ఎవరైనా మొదలుపెడతారా ఏంటి?"

ఆ పిల్ల లేచి వెళ్లి అత్తని వాటేసుకుంది. మా ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా వైపు మనిషిని ఎలా ఉందని అడిగితే మర్యాద జవాబు చెబుతుంది. ఎలా చెయ్యాలని అడిగితే మనిషే జవాబు చెబుతాడు. "ప్రశ్న మారుస్తాను మావయ్యా! మార్కులు తీసేస్తాను!" అంటూ ఆమె అప్పుడే ఫోన్‌లో రైతు నంబరు వెతుకుతోంది.

ఈసారి పరీక్ష రైతు ఇంటి వసారాలో. షావుకారు వచ్చాడు, ఆ వీధి ఆడవాళ్లూ వచ్చారు. మళ్లీ మూడు గిన్నెలే. "ఇది మీరే వండితే ఏం మారుస్తారు?" అని మాత్రమే అడిగింది మా మేనకోడలు.

పలుకు అన్నం దగ్గర వసారా అదిరిపోయింది. ఎసరన్నారు, మంటన్నారు, బియ్యం నానబెట్టాలన్నారు, గిన్నె అడుగు పల్చనన్నారు. ఒకావిడ పొయ్యి దగ్గరికే బయలుదేరింది, చూపించడానికి. మా మేనకోడలు రాయలేక రాయలేక రాస్తోంది. పాత రకంలో మార్చడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. "దీనికేం చేస్తామమ్మా, మా ఇంట్లో వండేదిలాగే ఉంది" అన్నారు. కొత్త రకం వేడిగా ఉన్నప్పుడు కూడా అదే మాట వచ్చింది. నేను మనసులో ఈల వేశాను. అయితే ఆమె వాళ్లని కూర్చోబెట్టి, కాఫీలయ్యాక, చల్లారిన అన్నం మళ్లీ పెట్టింది.

రైతు భార్య కొంచెం నమిలి ఆగింది. "వేడిగా ఉన్నప్పుడు పేరు పెట్టడానికి లేదు గానీ, చల్లారితే బిరుసెక్కుతోందమ్మా. ఎసరెంత పోసినా ఇది మారదేమో. పొద్దున్నే చద్దన్నంలో పెరుగేసుకునే వాళ్లకి ఎలా?"

"ఏమే, మేడంగారి బియ్యానికి వంక పెడతావా?" రైతు కంగారు పడ్డాడు.

"వంకెక్కడ పెట్టానండీ? అడిగితే చెప్పాను."

షావుకారూ అందుకున్నాడు. "మా కొట్టుకొచ్చేవాళ్లు క్యారేజీలు కట్టుకెళ్తారండి. మధ్యాహ్నానికి గట్టిపడితే ఫోన్ నాకే వస్తుంది."

మా మేనకోడలి మొహం చూడటానికి భయమేసింది. తీరా చూస్తే కళ్లు మెరుస్తున్నాయి. వసారా చివర కూర్చున్న నా దగ్గరికి పరుగున వచ్చి గుసగుసగా, "విన్నావా మావయ్యా? నా బియ్యాన్ని తిట్టారు!" అంది.

"దానికి సంబరమేంటే?"

"దీనికి తోబుట్టువులున్నాయిగా! ఆ చెక్కలో అవీ నిలబడ్డాయి. కాండం చూసి దీన్ని ఎంచాను, మెతుకు చూడలేదు. వాటిలో ఒకటి మెత్తగా ఉండాలి."

ఆ నంబరు రకాన్ని ఆమే పక్కకి తీసింది. ఎందుకు తీసిందో కాగితం మీద పెట్టి, బదులుగా దాని తోబుట్టువుకి అవకాశం అడిగింది. పైఅధికారి ఒప్పుకున్నాడు గానీ, చల్లారిన అన్నంలో గెలిస్తేనే అన్నాడు. మిగిలిన వరుసల బియ్యం ఒక్కొక్కటీ వండి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే తిని చూసుకుంది. ఒకటి తేలింది. దాన్ని మళ్లీ వండి పెట్టి, మర్నాడు పొద్దున్నే చిన్న స్టీలు గిన్నెలో పిఠాపురం వైపు తీసుకెళ్లింది. నేను లేకుండా వెళ్లనిస్తానా?

రైతు భార్య పెరుగు వేసి కలిపింది. మొదటి ముద్ద తింది. రెండోది తింది. లేచి లోపలికి వెళ్తే మా మేనకోడలు మెడ సాచి గుమ్మం వైపు చూసింది. ఆవిడ ఉల్లిపాయ ముక్కలు పట్టుకొచ్చి మళ్లీ కూర్చుంది. గిన్నె అడుగు కనిపించేదాకా తలెత్తలేదు.

"మీరైతే ఏం మారుస్తారండి?"

"గిన్నె మారుస్తానమ్మా. ఇంత చిన్నదాంట్లో తెస్తే మా ఆయనకేం పెట్టను?"

గుమ్మంలో నిలబడ్డ రైతు, "అదే నేనూ చూస్తున్నానండి ఇందాకట్నుంచీ" అన్నాడు.

మా మేనకోడలు నవ్వుతూనే ఆ మాట మాట పొల్లుపోకుండా రాసుకుంది. షావుకారుకీ, వీధిలో వాళ్లకీ పెట్టినప్పుడు కూడా పెద్ద వంకలు రాలేదు. పైఅధికారి సరే అన్నాక, దాళ్వాలో, అంటే ఎండాకాలం పంటలో, విత్తనం పెంచారు. ఈ సార్వాకి ఆ రైతు దానికి చెక్క ఇవ్వలేదు, కాలువ పక్క ఎకరమంతా ఇచ్చాడు. నారు పోసిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. రైతు భార్య ఇంటి నుంచి పెద్ద గిన్నెతో వస్తూ కనిపించింది.