బస్తా మీద అత్త

మా మేనత్తకు వాదించడం వచ్చేది కాదు. పంతం పడితే ఎక్కడుంటే అక్కడ కూర్చునేది, అంతే. అనుకున్నది జరిగేదాకా ఎవరు బతిమాలినా లేచేది కాదు.

మొగల్తూరు దగ్గర వాళ్ళది ఇసుక చేను. ఒక ఏడాది మావయ్య మొక్కజొన్నకు ఉత్త యూరియా వేశాడు. ముదురు పచ్చగా లేచిన పైరు ఒక్క పెద్ద వానకు పసుపు రంగుకు తిరిగింది. మరుసటేడు కూడా పండకపోతే చేను రొయ్యల చెరువుకు లీజుకిచ్చేస్తానని ఆయన తేల్చి చెప్పేశాడు.

ఆ మరుసటేడు విత్తే ముందు నేను యూరియా బస్తా గట్టు మీద దింపగానే అత్త వెళ్ళి దాని మీద కూర్చుంది.

"లేవ్వే, ఎండెక్కుతోంది," అన్నాడు మావయ్య.

అత్త గుప్పెడు ఇసుక తీసి, దాని మీద చెంబుతో నీళ్ళు పోసింది. నీళ్ళన్నీ వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

"నిరుడు మీరేసిందీ ఇలాగే పోయిందండి. ముందు మాగిన పెంట తోలించండి. నేలకి కాస్త పట్టొస్తుంది. అప్పుడు యూరియా నేనే చల్లుతాను."

"పెంటతోనే పండుద్దా ఏంటి?"

"పెంటతోనే అని నేనన్నానా? రెండూ కావాలంటున్నాను."

మధ్యాహ్నం అన్నం కూడా ఆ బస్తా మీదే తింది. పొద్దు వాలాక ట్రాక్టరు వచ్చి చేలో పెంట కుమ్మరిస్తే, అప్పుడు లేచింది. యూరియా మాట ప్రకారం తనే, కొంచెం కొంచెంగా, విడతలుగా చల్లింది. ఆ ఏడూ వానలు గట్టిగానే కురిశాయి. పైరు రంగు మారలేదు.

ఆఖరిసారి నేను వెళ్ళినప్పుడు చుట్టూ రొయ్యల చెరువులే. మధ్యలో అత్త మొక్కజొన్న ఒక్కటే నిలబడి ఉంది. లీజు మాట్లాడడానికొచ్చిన మనిషి గట్టు మీద మావయ్యకు ఏదో నచ్చజెబుతున్నాడు. అత్త కూర్చోవడానికి చోటు చూసుకుంటోంది.